అత్త పట్టని చెయ్యి

మా మేనత్త పోయిందన్న కబురు వారపు అంగడి నాడు వచ్చింది. బోధన్‌లో కచేరీ ముందు చాప పరుచుకుని రైతులకు అర్జీలు రాసిపెట్టడం నా బతుకుతెరువు. అత్త ఉండే రెంజల్ నుంచి పెద్దమనిషి ఒకాయన వచ్చి చాప పక్కన కూర్చుంటే, ఆయనదీ అర్జీయే అనుకుని కలం సిరాలో ముంచాను. "రాసుడు ఆపు పంతులూ. మీ అత్త తెల్లారంగ పోయింది. నిన్ను తోల్కరమ్మన్నడు మీ మామ" అన్నాడు.

అర్జీ అన్నాక మొదటి నాలుగు వాక్యాల్లో దొరవారిని ఆకాశానికెత్తాలి. అత్త గురించి అట్లా రాస్తే పైనుంచి వచ్చి చెవి మెలిపెడుతుంది. అందుకని ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను.

అత్త కట్లు కట్టేది. వాళ్ల అత్తగారి దగ్గర నేర్చిన విద్య. బెణికిన చీలమండ, జారిన భుజం, విరిగిన ముంజేయి, ఏదైనా ఆమె వాకిట్లోకే వచ్చేది. నిజాంసాగర్ నీళ్లొచ్చి చెరకు పెరిగాక బండ్ల మీంచి పడేవాళ్లూ పెరిగారు. ఆముదం రాసి, మినప్పిండీ కోడిగుడ్డు సొనా పట్టించి, వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుట్టేది.

నోరు మాత్రం ఆముదం కాదు. భుజం జారినవాడి చెయ్యి పట్టుకుని, "నీ ఎడ్లు ఉత్త సోమరివట గద?" అనేది. "ఎవడన్నడు?" అని అతను లేవబోయేలోగా కీలు టక్కున కూర్చునేది. అట్లా ఊళ్లో సగం ఎడ్లకు చెడ్డపేరు వచ్చింది.

ఎవరొచ్చినా ముందు దెబ్బ తగిలిన చోటు చూసేది కాదు, వేలి కొనలు చూసేది. గోరు నొక్కి వదిలి, రంగు తిరిగొచ్చేదాకా ఆగేది. "నొప్పుంటె భయం లేదు బిడ్డా, నొప్పి తెల్వకుంటెనే భయం" అనేది.

రెండేళ్ల కింద చెరకు బండి ఎక్కబోయి జారిపడ్డాను. కుడి మోచెయ్యి కీలు తప్పింది. కలం పట్టే చెయ్యి. రెంజల్ చేరేసరికి చిటికెన వేలూ దాని పక్క వేలూ మొద్దుబారాయి. ఆ సంగతి దాచాను. నిజామాబాద్ దవాఖానాకు పోతే చెయ్యి కోసేస్తారని ఎవరో అనగా విన్నాను, అదీ నా భయం.

అత్త నన్ను కళ్లు మూసుకోమంది. "ఇప్పుడు ఏ వేలు ముట్టిన?"

"చిటికెన వేలు."

"నేనింకా ముట్టనే లేదు కొడుకా" అంది.

ఇక చెయ్యి పట్టనంటే పట్టనంది. "కీలు నాకు దొరుకుతది. నరం యాడ ఇరుక్కున్నదో నాకు తెల్వది. నేను గుంజను. నడువు దవాఖానకు." నాకు ఒళ్లు మండింది. ఊరందరి చేతులూ పట్టి, సొంత అన్న కొడుకును పొమ్మంటావా అని నోటికొచ్చినట్టు అన్నాను. వాకిట్లో నలుగురూ వింటున్నారు. కట్లు కట్టే మనిషి నలుగురిలో తనకు తెలియదని ఒప్పుకోవడం ఎంత కష్టమో అప్పుడు నాకు తట్టలేదు.

బండిలో నా పక్కనే కూర్చుంది. దారిలో చెప్పింది. "మీ మామ చెయ్యి సూసినవ్ గద. గది నేను చేసిందే. పెండ్లైన కొత్తల మోచెయ్యి ఇరిగితె, మా అత్త ఊళ్లె లేదు, నేనే కట్టిన. తిమ్మిరెక్కిందని ఆయన అంటనే ఉన్నడు. మొగోనివి, ఓర్సుకో అన్న. మూడో నాడు ఇప్పితె వేళ్లు ముడుసుకపోయి ఉన్నయి."

మామ కుడి పిడికిలి నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. వాతంతో ముడుచుకుపోయిందని ఆయనే చెప్పేవాడు. నిజం చెబితే ఆమె వాకిట్లోకి ఎవరూ రారని ఆయన భయం.

దవాఖానాలో మత్తిచ్చి, కీలులో నరాన్ని ఒత్తుతూ ఇరుక్కున్న ఎముక ముక్కను తీశారు. గుంజి ఉంటే ఆ వేళ్లు మళ్లీ వచ్చేవి కావని డాక్టరు అన్నాడు. ఆ మాట విని అత్త నా చిటికెన వేలి గోరు నొక్కి వదిలి, రంగు తిరిగొచ్చేదాకా చూసింది. ఆరు నెలలకు నా వేళ్లలో చీమలు పాకినట్టయి, స్పర్శ తిరిగొచ్చింది. ఇది రాస్తున్నది ఆ చేతితోనే. ఆ రోజు అన్న మాటలకు తప్పయిందని అత్తతో చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను, చెప్పలేదు. ఊరందరి తరఫునా వేడుకుంటూ రాసేవాణ్ణి, నా కోసం ఒక్క మాట పెగల్లేదు. అది నన్ను ఇంకా బాధిస్తూనే ఉంది.

ఆమెను మట్టిలో పెట్టినప్పుడు తలా పిడికెడు వేశాం. మామ కుడిచేత్తోనే వేస్తానన్నాడు. ముడుచుకున్న వేళ్ల సందున మట్టి నింపుకుని చెయ్యి చాపాడు. అది రాలలేదు. చెయ్యి ఆడించాడు, మళ్లీ ఆడించాడు. నేను వెళ్లి ఆ వేళ్లు విప్పబోయాను. రాలేదు.

"వేళ్లు గుంజకు బిడ్డా" అన్నాడు మామ. "మణికట్టు కిందికి వంచు, గవే ఇచ్చుకుంటయి. మీ అత్త రోజు గట్లనే వంచి కడిగేది."

వంచాను. వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. మట్టి రాలింది. ఏళ్ల తరబడి ఎండ తగలని ఆ అరచెయ్యి పసిపిల్లల అరచెయ్యిలా మెత్తగా, శుభ్రంగా ఉంది.