మంజులత మైనస్ గుర్తు

ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లలో తయారైన సినిమాలు చూసేవాళ్లలో మంజులత గొంతు విననివాళ్లు లేరు, ఆమె పేరు తెలిసినవాళ్లూ లేరు. కథానాయకుడు మేడ మీంచి దూకితే కింద నిలబడి "అయ్యయ్యో!" అనేది ఆమె. పెళ్లిపందిట్లో గొడవైతే "ఇదెక్కడి చోద్యమమ్మా!" అని బుగ్గలు నొక్కుకునేదీ ఆమే. ఆ పనిని గుంపు గొంతులంటారు. డిగ్రీలో ఒక్క కెమిస్ట్రీ పేపరు గాలికొదిలేసి తెనాలి నుంచి వచ్చిన మనిషి, ఇన్నేళ్లూ ఆ అరుపులతోనే సంసారం ఈదుకొచ్చింది.

అరిచి అరిచి చివరికి గొంతు మొరాయించింది. స్వరపేటిక మీద బొడిపెలు లేచాయనీ, ఈ పని మానకపోతే మామూలు మాట కూడా మిగలదనీ డాక్టరు చెప్పేశాడు. మధురానగర్‌లో ఒక స్కూలువాళ్లు సైన్సు టీచరుగా తీసుకుంటామన్నారు, డిగ్రీ పట్టా చూపిస్తేనే. పాత విద్యార్థులకు యూనివర్సిటీ ఆఖరిసారి పరీక్ష పెడుతోంది. అది తప్పితే ఆమె మళ్లీ అరుపులకే పోవాలి.

కింది వాటాలో రామలింగం గారుండేవారు, రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్. మహా ముక్కోపి. మంజులత బెరుగ్గా అడిగితే, "పొద్దుగాల రా. లేటైతే తలుపు తియ్య" అన్నారు. అలా మొదలైన చదువు బాగానే సాగి, ఉష్ణగతిక శాస్త్రం లెక్కల దగ్గర చతికిలపడింది.

లెక్క చిన్నదే. సిలిండర్లో ఉన్న గ్యాసుకు ఐదువందల జౌల్స్ వేడి అందింది. అది వ్యాకోచించి, మూతను బయటికి నెట్టి, రెండువందల జౌల్స్ పని చేసింది. గ్యాసు అంతర్గత శక్తి ఎంత మారింది? మూడువందలు పెరిగిందనాలి. మంజులత మైనస్ మూడువందలని రాసింది.

"వేడి లోపటికొస్తే ప్లస్, పోతే మైనస్. గ్యాసు మీద పని చేస్తే ప్లస్, గ్యాసే పని చేస్తే మైనస్. గింతే కద బిడ్డా!"

ఆమె ఆ ముక్కలు వంటగది గోడకు అంటించుకుంది, కూర తిప్పుతూ వల్లెవేసింది. అయినా ప్లస్ రావలసిన చోట మైనస్, మైనస్ రావలసిన చోట ప్లస్. ఒకరోజు రామలింగం గారు పుస్తకం టప్పున మూసి, "ఎన్నిసార్లు చెప్పాలె?" అని కసిరారు. మంజులత పైకొచ్చి ఏడ్చింది. మర్నాడు పాఠానికి వెళ్లలేదు.

కోపిష్టే గాని రాతిగుండె మనిషి కాదు. ఆయనే మెట్లెక్కి వచ్చారు. ఆమె డబ్బింగుకు బయల్దేరుతోంది.

"నేనూ వస్త. నువ్వు చేసే పని జర చూస్త పా."

థియేటర్లో, తెర మీద ఒక ముసలాయన కుప్పకూలాడు. "అయ్యో, పడిపోయాడు! నీళ్లు తెండి, నీళ్లు!" అని మంజులత పీలగొంతుతో అరిచింది. అద్దం వెనక కూర్చున్న రామలింగం గారు ఉలిక్కిపడ్డారు. బయట టీ తాగుతూ అడిగారు.

"పడ్డ ముసలాయనకు గొంతు ఎవరిచ్చిన్రు?"

"వేరే ఆయన మాస్టారూ. నాదెప్పుడూ చుట్టూ ఉన్నవాళ్ల గొంతేనండీ."

"గదే బిడ్డా! లెక్క గ్యాసు సంగతి అడుగుతుంటే, నువ్వు చుట్టున్నోళ్ల లెక్క చెప్తున్నవ్. గ్యాసుకు వేడి అందితే, మా దగ్గర్నుంచి పోయిందని మైనస్ రాస్తున్నవ్. గ్యాసు నెడితే, మాకు అందిందని ప్లస్ రాస్తున్నవ్. అన్నీ ఒక్క తీరుగ తలకిందులైతున్నయంటే నీకు రాక కాదు. నువ్వు నిలబడ్డ జాగ తప్పు. నిన్న ఉత్తగ కోప్పడ్డ, నేనే చూసుకోలే. ఇప్పుడు గ్యాసువి నువ్వే. చెప్పు!"

మంజులత గ్లాసు కింద పెట్టింది. "నాకు ఐదువందలు అందాయి. నేను నెట్టాను, రెండువందలు ఖర్చయ్యాయి. నాకు మిగిలింది మూడువందలు." చెబుతూనే నవ్వేసింది. ఇన్నేళ్లలో ఆమెకు ముఖ్యపాత్ర ఇచ్చింది ఆయనొక్కరే మరి.

పరీక్షలో అలాంటిదే వచ్చింది. గ్యాసు ఎనిమిదివందల జౌల్స్ వేడి పోగొట్టుకుంది, దాన్ని నొక్కడానికి మూడువందల యాభై జౌల్స్ పని చేశారు. పాత అలవాటు కొద్దీ కలం ప్లస్ నాలుగువందల యాభై వేసేసింది. మంజులత కళ్లు మూసుకుని, "నేను గ్యాసుని" అని గొణుక్కుంది. పక్కమ్మాయి కంగారుగా చూసింది. చూస్తే చూసింది. ఆమె ప్లస్ కొట్టేసి మైనస్ పెట్టింది.

పాసయింది. ఆ కబురు చెప్పడానికి కిందికి పరుగెత్తి, "పాసయ్యాను మాస్టారూ!" అని ఆయన కాళ్లకు దణ్ణం పెట్టింది. రామలింగం గారు కళ్లజోడు తుడుచుకుంటూ, "సరె సరె, లే. స్కూలుకైన లేటుగ పోకు" అన్నారు.

మధురానగర్ స్కూల్లో మొదటి క్లాసు. బల్ల మీద మంచుముక్క కరుగుతోంది.

"వేడి వచ్చిందా, పోయిందా? ఆగండి. ముందు మీరెవరో చెప్పండి."

"మేం మంచుముక్కలం టీచర్!" అని క్లాసంతా ఒక్కసారిగా అరిచింది.

ఆ గుంపులో గొంతు కలపాల్సిన పని ఇక మంజులతకు లేదు. రామలింగం గారికి మనసులోనే మరోసారి దణ్ణం పెట్టుకుని, తన మామూలు గొంతుతో, మెల్లగా, పాఠం మొదలుపెట్టింది.