అనామతు లేని లెక్క

ఆ రంగుల దుకాణంలో లెక్కలు రాసే ఆవిడ అసలు పేరు ఎవరికీ పట్టలేదు. షావుకారు నుంచి హమాలీల దాకా అందరికీ ఆమె అనామతు అక్క. ఇరవై ఆరేళ్ళుగా, అనుమానం కలిగిన ప్రతి బిల్లునీ ఆమె ఖర్చులో కలపకుండా, అలాగని చించి పారెయ్యకుండా, అనామతు ఖాతాలో పడేసేది. అసలు సంగతి తేలేదాకా అది అక్కడే ఉండేది, గోడ మీద పిల్లిలా. తేలకపోతే, మూడో నెలలో పన్ను లెక్కలు పంపేలోగా షావుకారో, ఆయన బావమరిదో చల్లగా వచ్చి బిల్లు వెనక్కి పట్టుకుపోయేవారు. ఆమె ఏమీ అడిగేది కాదు. తన పుస్తకంలో అబద్ధం లేదని మాత్రం కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకునేది.

ఇప్పుడు పుస్తకమే లేదు. సరుకు అమ్మినవాడు బిల్లు కొట్టగానే అది పన్నుల శాఖ గుండా నేరుగా ఆమె కంప్యూటర్లోకి వచ్చి కూర్చుంటోంది. కింద రెండే బొత్తాలు: అంగీకరించు, తిరస్కరించు. ఏది నొక్కినా నొక్కినవారి పేరుతో సహా ఆ క్షణమే అటు శాఖకీ, ఇటు అమ్మినవాడికీ తెలిసిపోతుంది. సాయంత్రంలోగా ఏదో ఒకటి నొక్కి తీరాలి.

"ఇక మీకు పని తేలికండీ. బుర్ర వాడక్కర్లేదు" అన్నాడు నేర్పడానికి వచ్చిన కంప్యూటర్ కంపెనీ మనిషి.

ఏదో వరం ఇచ్చినట్టు అన్న ఆ మాటకి ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "అనామతు ఎక్కడుంది ఇందులో?" అని అడిగితే అతను ఆ మాటే వినలేదన్నాడు.

మూడో వారంలో బావమరిది కంపెనీ నుంచి బిల్లు వచ్చింది. నూట ఇరవై డబ్బాల ప్రైమరు. గోడౌన్లోకి ఏ డబ్బా వెళ్ళాలన్నా ఆమె కుర్చీ పక్కనుంచే వెళ్ళాలి. ఒక్కటీ వెళ్ళలేదు. బావమరిది మాత్రం వచ్చి ఎదురుగా కూర్చుని, టీలో బిస్కెట్టు ముంచుకు తిని, వేళ్ళు ఆమె బల్లగుడ్డకే తుడుచుకున్నాడు.

"సరుకు ఏదండీ?" అని ఆమె షావుకారుని అడిగింది.

"వస్తుందిలే అక్కా. ముందు ఒప్పేసుకో. పన్నులో కలిసొస్తుంది."

"ఒప్పుకుంటే నా పేరు మీద పోతుందండీ. నేనెప్పుడూ దొంగలెక్క రాయలేదు."

షావుకారు నవ్వాడు. "పోయినేడు బ్రష్షుల బిల్లు ఏమైంది? అంతకుముందు వార్నిష్ బిల్లు? సరుకు రాలేదని నీకు తెలుసు. మూణ్ణెల్లు దాచి మాకు తిరిగిచ్చావు. అవే బిల్లులు మా రెండో కొట్లో చెల్లాయి. అదీ నీకు తెలుసు. ఇవాళేంటి కొత్తగా?"

ఆమెకు తెలుసు మరి. రెండో కొట్టు లెక్క తనది కాదు కదా అనుకుంది, ఇన్నేళ్ళూ అలాగే అనుకుంది. నిప్పులాంటి మనిషినని లోకానికి చాటుకుంటూ, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఆ జీతం తాగింది. వీళ్ళని చూస్తే అసహ్యం వేసింది. తనని తలుచుకుంటే అంతకంటే ఎక్కువ వేసింది.

"ఈవిడ నొక్కకపోతే ఇంకొకరు నొక్కుతారు బావా. దీనికి లెక్కలు వచ్చినవాళ్ళే అక్కర్లేదిప్పుడు" అన్నాడు బావమరిది.

నిజమే. ఈ ఉద్యోగం పోతే ఈ వయసులో ఇంకే కొట్టు గడపా ఎక్కనివ్వరు. అది ఆమెకు వాళ్ళిద్దరికంటే బాగా తెలుసు.

తిరస్కరించు నొక్కింది. కంప్యూటరు కారణం రాయమంది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ 'సరుకు రాలేదు' అని కొట్టి, పంపేసింది.

ఆమె ఇంకా చెయ్యి తియ్యనే లేదు, బావమరిది చొక్కా జేబులో ఫోను మోగింది. తీసి చదువుకున్నాడు. తేలు కుట్టిన దొంగలా ఫోను బావ చేతికిచ్చాడు.

షావుకారు అరవలేదు. "బీరువా తాళాలు అక్కడ పెట్టి వెళ్ళక్కా" అన్నాడు.

కొంగు ముడి విప్పి తాళాలు బల్ల మీద పెట్టింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. ఇరవై ఆరేళ్ళ పుస్తకాలూ ఆ బీరువాలోనే ఉన్నాయి. వాటిలో ప్రతి అనామతూ తన చేతిరాతే. మెట్లు దిగి, వీధి గోడ పట్టుకుని వాంతి చేసుకుంది.