టీకా గది ముందు ఒక తండ్రి

ఈ రోజు పొద్దున బాబుకి టీకా వేయించడానికి, మేముంటున్న ఈ పరాయి దేశంలో, క్లినిక్‌కి వెళ్ళాను. అంతమంది తల్లుల మధ్య ఒకే ఒక్క తండ్రి ఉన్నాడు. సెక్యూరిటీ యూనిఫాంలో ఉన్న నైజీరియా కుర్రాడు, చంటిపాపకి పాలు పడుతున్నాడు. అతన్ని చూడగానే నా పక్కనున్న మన గోదావరి ఆవిడ హ్యాండ్‌బ్యాగు గట్టిగా పట్టుకుంది.

“మదర్ ఎక్కడ?” అని ఇంగ్లిషులో అడిగింది.

“తను నర్సు, డ్యూటీలో ఉంది. నాకు నైట్ డ్యూటీ ఇప్పుడే అయింది,” అన్నాడతను నవ్వుతూ.

ఆవిడ నావైపు తిరిగింది. “పెళ్ళాం ఉద్యోగం చేత్తంటే ఈడు పిల్లనాడిత్తన్నాడు. ఈ నల్లోళ్ళకి ఒళ్ళొంగదండీ.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “మా ఆయన బయట కార్లో ఏసీ వేసుకుని క్రికెట్ చూస్తున్నారు. ఆయన్నేమంటారు?” అన్నాను.

“ఆయనకేంటండీ, మగోళ్ళు కదా!”

ఇంతలో మా నంబరు పిలిచారు. నా హ్యాండ్‌బ్యాగు తీసి, ఆవిడ చూస్తుండగానే ఆ కుర్రాడి పక్క కుర్చీలో పెట్టి, “కాస్త చూస్తుండు తమ్ముడూ,” అని ఇంగ్లిషులో చెప్పి లోపలికి వెళ్ళాను.

మీ పిల్లలకి టీకాలు ఎవరు వేయించారో నిజం చెప్పండి. కార్లో కూర్చున్నవాళ్ళని లెక్కలో వేయకండి. మా ఆయన ఇప్పటికే ఈ పోస్టుకి లైక్ కొట్టారు, చదవకుండానే.