సముద్రపు పక్షులకు విందు

అడిగినదానికి సూటిగా జవాబు చెప్పడమంత పాపం మరొకటి లేదని మామగారి నమ్మకం. ప్రశ్న వేయడం మాత్రం పుణ్యం. ఆ పుణ్యాన్ని ఆయన పొద్దున్నే పళ్ళు తోముకుంటూ మూటగట్టడం మొదలుపెట్టి, పక్క మీద ఒరిగేదాకా కడుతూనే ఉండేవారు. ఏదో ఒక వింత సంగతి చెప్పి "ఎందుకు?" అని ఊరుకునేవారు. ఎదుటివాళ్ళు బుర్ర బద్దలు కొట్టుకుంటూ ఎన్ని ఎదురు ప్రశ్నలైనా వేసుకోవచ్చు. ఆయన నోటినుంచి రాలేవి మూడే ముక్కలు: "ఔను", "కాదు", "దాంతో సంబంధం లేదు". అసలు జవాబు ఎవరికి వారు కనుక్కోవాల్సిందే. వీధిలో వాళ్ళంతా ఆయన పేరు ఎప్పుడో మర్చిపోయి "ఔనుకాదు గారు" అనేవారు.

కోడలు ఆ ఇంట్లో అడుగు పెట్టిన రోజున, చేతిలో పెట్టె ఇంకా కింద పెట్టకముందే మామగారు ఎదురొచ్చారు.

"అమ్మాయ్, ఒకాయన వీధిలో ఎండలో గొడుగు ముడిచి పట్టుకుంటాడు. ఇంట్లోకి రాగానే విప్పుతాడు. ఎందుకు?"

"ఆరబెట్టడానికా మామయ్యగారూ?"

"కాదు."

"మతి చలించిందా?"

"దాంతో సంబంధం లేదు."

ఆ గొడుగు సంగతేమిటని ఆమె భర్తను నిలదీసింది. "నా చిన్నప్పటినుంచీ ఆ గొడుగాయన గొడుగు విప్పుతూనే ఉన్నాడు. ఎందుకో నాకూ తెలీదు, నన్నడక్కు," అని అతను దుప్పటి ముసుగేశాడు.

డాక్టరు దగ్గర కూడా ఇదే వరస. "నొప్పి ఉందా?" "ఔను." "కుడి వైపా?" "కాదు." "తిన్న తర్వాత వస్తుందా?" "దాంతో సంబంధం లేదు." మిగతావాళ్ళలాగా చుట్టాల పెళ్ళి దగ్గర మొదలుపెట్టి కడుపునొప్పి దాకా వచ్చే రకం కాదని, ఆ డాక్టరు ఆయన్ని నెత్తిన పెట్టుకునేవాడు.

మంగలి మాత్రం ఒకసారి తిరగబడ్డాడు. సగం గడ్డం గీసి కత్తి పక్కన పెట్టి, "జవాబు చెప్తేనే మిగతా సగం," అన్నాడు. మామగారు మారుమాట లేకుండా లేచి, సగం గడ్డంతో వీధిలోంచి దర్జాగా నడిచి ఇంటికొచ్చారు. ఆ సాయంత్రమే జోరు వానలో మళ్ళీ ఆ కొట్టుకి పరుగెత్తారు. మంగలి లొంగిపోయాడేమో అనుకున్నారంతా. అసలు సంగతి అది కాదు. "నువ్వడిగిన మూడో ప్రశ్నకి 'కాదు' అన్నాను, 'ఔను' అనాల్సింది. తప్పు నాదే. దిద్దుకో," అని చెప్పి, తడిసిన కోడిలా తిరిగొచ్చారు.

అదీ ఆయన నీతి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ తూనికల ఇన్స్పెక్టరు. దుకాణాల్లో త్రాసులు పరీక్షించి, దొంగ రాళ్ళు పట్టుకునేవారు. ఔనన్నది ఔనే, కాదన్నది కాదే. పెళ్ళయిన కొత్తలో అత్తగారు, "కూర బాగుందా?" అని సిగ్గుపడుతూ అడిగితే "కాదు" అన్నారట. ఆవిడ ఆ మాట ఇప్పటికీ వారానికోసారి తలుచుకుంటారు.

కోడలికి ఈ గోల గిట్టలేదు. ఆమెది కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్షించే పని. "ఈ అద్దంలో బాగుందా, ఆ అద్దంలోనా?" అని అడిగితే జనం చక్కగా జవాబు చెప్తారు. ఇంటికొచ్చి "టీ తాగుతారా మామయ్యగారూ?" అంటే "ఔను" అంటారు. "పంచదార వెయ్యనా?" "ఔను." "ఎంత?" ఇక నోరు పెగలదు. ఎందుకంటే "ఎంత" అన్నదానికి ఔనూ కాదూ సరిపోవు. ఒక చెంచానా, రెండా అని విడివిడిగా అడగాలి. ఇన్నేళ్ళలో ఆయన ప్రశ్నల్లో ఒక్కటి కూడా ఆమె విప్పలేదన్నది వేరే మంట.

ఇలా ఉండగా ఆ గాలివాన రోజు వచ్చింది.

ఆమె భర్త రేవులో టగ్ బోటు ఇంజనీరు. పెద్ద ఓడలకు తాడు కట్టి రేవులోకి లాగే చిన్న పడవ అది. ఆ మధ్యాహ్నం సరుకుల ఓడ ఒకటి ఇంజను ఆగిపోయి, రేవు బయట బండల వైపు కొట్టుకుపోతోందని కబురొచ్చింది. టగ్ బోటు వెళ్ళింది. ఆ తర్వాత గాలి పెరిగింది. కోడలు దుకాణంలోంచి అలాగే పరుగున రేవు ఆఫీసుకి చేరేసరికి అత్తామామలు అప్పటికే బెంచీ మీద ఉన్నారు.

ఇరుకు గది. రేకుల పైకప్పు మీద వాన రాళ్ళు కుమ్మరించినట్టు మోగుతోంది. పక్క గదిలో వైర్‌లెస్ ఆపరేటర్, తలుపు సగం తెరిచి, బల్ల మీది యంత్రంలోకి ఒకే పిలుపు మళ్ళీ మళ్ళీ పిలుస్తున్నాడు. అటునుంచి బరబర తప్ప మాట లేదు.

"ఏమన్నారు? ఆఖరిసారి ఏమన్నారు?" అంది కోడలు.

"ఓడకి తాడు తగిలించామన్నారమ్మా. తర్వాత లైను పోయింది," అన్నాడు ఆపరేటర్, ఆమె మొహం చూడకుండా.

కిటికీలోంచి చూస్తే రేవుకి అడ్డంగా సముద్రంలోకి సాగిన రాతిగట్టు కనిపిస్తోంది. దాని చివర నిలబడితే బయటి సముద్రం కనిపిస్తుంది. కోడలు కొంగు నడుముకి దోపింది.

"నేను గట్టు చివరిదాకా వెళ్ళి చూసొస్తా."

"పిచ్చిదానా, అలలు గట్టు మీదికి ఎక్కుతున్నాయే!" అన్నారు అత్తగారు.

"ఇక్కడ కూర్చుంటే నా గుండె ఆగిపోయేలా ఉంది అత్తయ్యా."

ఆమె తలుపు గడియ మీద చెయ్యి వేసింది. అప్పుడు బెంచీ మీంచి మామగారి గొంతు వినిపించింది.

"అమ్మాయ్. యుద్ధం జరుగుతోంది. తినడానికి తిండి లేక సైనికులే అల్లాడుతున్నారు. అయినా ఆ దేశపు నౌకాదళం తన జలాంతర్గాములకి ఒక ఉత్తర్వు ఇచ్చింది. పైన ఎవరున్నారో చూడ్డానికి నీళ్ళలోంచి చూపు గొట్టం పైకి పెట్టినప్పుడల్లా సముద్రపు పక్షులకి తిండి వెయ్యమంది. ఎందుకు?"

అత్తగారు భర్త వైపు తిరిగారు.

"ఏవండీ! మీది గుండేనా, తూకం రాయా? కన్నకొడుకు సముద్రం మధ్యలో ఉంటే పొడుపు కథలా?"

"ఎందుకు?" అన్నారు మామగారు మళ్ళీ, కోడలి వైపే చూస్తూ. "చెప్పి వెళ్ళు. లేదా చేతకాదని ఒప్పుకుని వెళ్ళు."

కోడలికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళ కసి, ఆ గంటసేపటి భయం ఒక్కసారిగా నాలుక మీదికొచ్చాయి. గడియ వదలకుండానే తిరిగింది.

"ఆ తిండి పాచిపోయిందా?"

"కాదు."

"విషం కలిపారా?"

"కాదు."

"పక్షులంటే వాళ్ళకి జాలా?"

"కాదు."

"పక్షుల్ని పట్టుకుని తినడానికా?"

"కాదు."

ఆమె రాళ్ళు విసురుతున్నట్టు అడుగుతోంది, ఆయన ఒక్కొక్కటే పట్టుకుంటున్నట్టు జవాబిస్తున్నారు. "తిండి వెయ్యడం వల్ల యుద్ధానికి లాభమా?" "ఔను." "శత్రువులకి నష్టమా?" "ఔను." "శత్రువులకీ జలాంతర్గాములు ఉన్నాయా?" "ఔను."

ఆమె చెయ్యి గడియ మీంచి జారింది. ఒక్క క్షణం బుగ్గ కొరుక్కుంది. అంతలోనే కళ్ళు మెరిశాయి.

"తెలిసింది! పక్షులకి అలవాటు చేస్తున్నారు. గొట్టం లేస్తే తిండి దొరుకుతుందని నేర్పుతున్నారు. రేపు శత్రువుల గొట్టం లేచినా పక్షులు దాని మీదే మూగుతాయి. మనదో వాళ్ళదో పక్షులకేం తెలుసు? పైన పక్షుల గుంపు కనిపిస్తే కింద శత్రువున్నట్టు లెక్క. అంతేనా మామయ్యగారూ? అయిపోయింది కదా, నేను పోతున్నా!"

మళ్ళీ గడియ తీయబోయింది. మామగారు తన అరచేతులు చూసుకున్నారు. ఒకసారి గొంతు సవరించుకున్నారు.

"కాదు," అన్నారు.

"కాదా?"

"కాదు."

కోడలు నీరుగారిపోయి గోడకి ఆనుకుంది. సరిగ్గా అప్పుడే భళ్ళుమని చప్పుడైంది. ముగ్గురూ కిటికీ వైపు చూశారు. కొండంత అల ఒకటి గట్టుని ఆ చివరినుంచి ఈ చివరిదాకా తుడుచుకుంటూ పోయింది. అది దిగేసరికి గట్టు చివర దీపస్తంభం వంగిపోయి ఉంది. అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూలేశారు.

"అడుగు," అన్నారు మామగారు మెల్లగా.

ఆమె అడిగింది. ఈసారి కోపంతో కాదు, మునిగిపోయేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు. పక్షుల అరుపులతో శత్రువుల చెవులు చిల్లులు పడతాయా? కాదు. పక్షుల రెట్టలతో శత్రువుల అద్దాలు మూసుకుపోతాయా? కాదు. పక్క గదిలో ఆపరేటర్ పిలుపుకీ పిలుపుకీ మధ్య తల బయటపెట్టి, "పక్షుల కాళ్ళకి ఉత్తరాలు కట్టారాండీ?" అన్నాడు. "కాదు." "నేనూ అదే అనుకున్నా," అని తల లోపలికి లాక్కుని, మళ్ళీ పిలవడం మొదలెట్టాడు.

ఒకసారి యంత్రంలోంచి నాలుగు ముక్కలు వినిపించాయి. "తాడు తెగింది... మళ్ళీ..." అంతే, తెగిపోయింది. కోడలు లేవబోయింది. అత్తగారు చెయ్యి పట్టి ఆపారు.

"పక్షులు..." అంది, కిటికీ వైపు చూస్తూ. "పక్షులకి ముందే తుఫాను తెలుస్తుందా? అందుకనా?"

"కాదు. కానీ మంచి ప్రశ్న," అన్నారు మామగారు. అడిగినదానికి జవాబుగా మూడు ముక్కలు దాటి ఆయన ఇంకో మాట అనడం ఆమె వినడం అదే మొదటిసారి. ఆ వింత కూడా ఆమెకి అప్పుడు తట్టలేదు.

వాన కొంచెం నెమ్మదించి, ఆకాశం బూడిద రంగులోంచి నలుపులోకి దిగుతుండగా ఆపరేటర్ గబుక్కున చెయ్యెత్తాడు. అతను విన్నాడు, మళ్ళీ విన్నాడు, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఓడ బండల్ని తప్పించుకుంది! లాక్కొస్తున్నారు! అందరూ క్షేమం!"

అత్తగారు ఏడ్చారు. కోడలు నవ్వుతూ ఏడ్చింది. మామగారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, వాళ్ళకి వీపు పెట్టి, ముక్కు తుడుచుకుంటూ చాలాసేపు వాన చూశారు.

కొడుకు ఆ గదిలోకి వచ్చేసరికి నెత్తినుంచి పాదాల దాకా నూనే ఉప్పునీళ్ళూ కారుతున్నాయి. అత్తగారు తుండుగుడ్డతో అతని తల పీకేసినంత గట్టిగా తుడవసాగారు. కోడలు అతని చెయ్యి వదల్లేదు. ఊపిరి కుదుటపడ్డాక మొదట ఆమె అన్నది ఇది:

"నువ్వు రాకపోయుంటే నేను ఆ పక్షులతోనే చచ్చుండేదాన్ని. ఇప్పటికీ విప్పలేకపోయా."

"ఏ పక్షులు? నౌకాదళం పక్షులా? అది నేను బళ్ళో చదివేటప్పుడే విప్పా. అదొక్కటే విప్పా," అన్నాడు భర్త తుండుగుడ్డ కిందినుంచి. "అలవాటు చెయ్యడానికే కదా! శత్రువుల గొట్టం లేస్తే పక్షులు మూగుతాయని."

కోడలు మెల్లగా మామగారి వైపు తల తిప్పింది. తుండుగుడ్డ ఆగిపోయింది. ఆపరేటర్ తలుపులోంచి తల బయటపెట్టాడు.

"నేను అదే చెప్పాను," అంది కోడలు. "తలుపు దగ్గరే చెప్పాను. మీరు కాదన్నారు."

మామగారు పైకప్పు చూశారు. నేల చూశారు. దొంగ త్రాసుతో పట్టుబడ్డ దుకాణదారు మొహం పెట్టారు.

"ఏవండీ," అన్నారు అత్తగారు, నమ్మలేక. "మీరు... తప్పు చెప్పారా? కొత్త పెళ్ళాం కూర వండితే కూడా చెప్పని అబద్ధం!"

"ఏం చెయ్యమంటావే!" అని ఆయన ఒక్కసారిగా గొల్లుమన్నారు. "గడియ మీద చెయ్యేసింది! ఔనంటే గట్టు మీదికి పోతుంది. ఇంకో ప్రశ్న వేద్దామంటే నాకూ బుర్ర పనిచెయ్యలేదు. ఎన్ని తెలుసు నాకు! ఒక్కటీ గుర్తు రాలేదు. చేతులు చూడు, ఇంకా ఎలా వణుకుతున్నాయో. ఎలాగోలా దాన్ని కూర్చోబెట్టాలి. పిల్ల ఎంత తెలివిగా విప్పేసిందో, పైకి ఔనని మెచ్చుకోడానిక్కూడా లేకపోయింది నాకు!"

ఆయన అన్ని మాటలు ఒక్క గుక్కలో మాట్లాడటం ఇంట్లో ఎవరూ ఎరగరు. కోడలు లేచి వెళ్ళి, ఆ వణికే చేతుల్లో ఆపరేటర్ తనకిచ్చిన వేడి టీ గ్లాసు పెట్టింది.

"తాగండి మామయ్యగారూ."

"ఆ గొడుగాయన సంగతి కూడా చెప్పెయ్యనా అమ్మాయ్?" అన్నారాయన దొంగచూపులు చూస్తూ. "ఈ ఒక్కసారికి."

"చెప్పారంటే ఊరుకోను," అంది కోడలు. "అది నేనే విప్పుతా."

ఇంటికి నడిచి వెళ్ళేటప్పుడు వాన తుంపరగా మారింది. వీధి నీళ్ళలో దీపాలు వణుకుతున్నాయి. అత్తగారు ఉన్నట్టుండి భర్త పక్కకి చేరారు.

"సరే గానీ, ఏవండీ, ఆ పక్షులకి మన పడవేదో వాళ్ళదేదో నిజంగానే తెలియదంటారా?"

మామగారు ఆగారు. భార్య మొహంలోకి చూశారు. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని నీటిగుంట దాటించి, "చెప్తా విను," అని మొదలుపెట్టారు. పక్షి చూపు దగ్గర మొదలుపెట్టి, దాని ఆకలి మీదుగా, జెండాల దాకా చెప్పుకుంటూ పోయారు. ఇల్లొచ్చినా ఆపలేదు. వెనక నడుస్తున్న కొడుకు, కోడలు వాళ్ళ మాటలకి అడ్డు రాకుండా, గేటు దగ్గరే తుంపరలో నిలబడి నవ్వుకున్నారు.