కొడుకైతే అమ్మా అని పిలవమను

ఎనభైలనాటి మాట. ఎల్లారెడ్డిలోని పుట్టింటికి వెళ్దామని కామారెడ్డి బస్టాండుకు వచ్చాను. చంకలో ఏడాదిన్నర పాప, చేయి పట్టుకుని ఏడేళ్ల బాబు, సంచిలో తునికాకు, తంబాకు పెట్టుకున్న బీడీల చేట. పుట్టింటికి వెళ్లినా బీడీలు చుట్టక తప్పదు కదా. బాబుకు మాటలు రాలేదు. దాన్ని ఆటిజం అంటారని అప్పట్లో మాకు తెలియదు.

మా బస్సు ఎప్పుడూ ఆగేచోట కాకుండా ఇంకోచోట ఆగింది. అంతే, బాబు కేకలు పెడుతూ నేలమీద దొర్లాడు. లేపబోతే నా చేయి కొరికాడు. జనం మూగారు. పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని అప్పుడు ఊరంతా పుకారు.

“గీ పిలగాడు నీకేమైతడు?” జామపండ్లు అమ్మే అవ్వ నిలదీసింది.

“నా కొడుకే అవ్వా.”

“కొడుకైతే అమ్మా అని పిలవమను.”

ఎవరో పోలీసులను పిలవమన్నారు. ఏం తోచక, ఇంట్లో వాడు ఏడ్చినప్పుడు చేసే పనే చేశాను. పాపను దింపి, అక్కడే కూర్చుని, చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టసాగాను. కాసేపటికి కేకలు ఆగాయి. బాబు వచ్చి నా మోకాలికి ఆనుకుని, రోజూలాగే ఒక్కో ఆకు అందించాడు.

హమ్మయ్య అనుకుని చూస్తే, పాప అవ్వ ఒళ్లో జామపండు కొరుకుతోంది. రమ్మని చేయి చాపితే అవ్వ కొంగు పట్టుకుని తల అడ్డంగా ఊపింది.

అవ్వ మళ్లీ నావైపు అదోలా చూసింది. “పిలగాడు నీ కొడుకే గని, గీ పోరిని యాడికెల్లి తెచ్చినవ్?”

ఈసారి జనం నవ్వేశారు.

రోజంతా అమ్మా అమ్మా అని తిరిగే కూతురు ఆ రోజు నన్ను పట్టించబోయింది. కాపాడింది మాత్రం, ఇంతవరకు ఒక్కసారి కూడా అలా పిలవని కొడుకే.