మా బావ సినిమాలు ఈమధ్య బాగుండటం లేదు

మా అక్క మొగుడు సిటీ బస్సులో కండక్టరు. జన్మలో ఒక్క సినిమాలోనూ నటించలేదు. అయినా ఆ రూట్లో తిరిగే సగంమంది, ఆయన సినిమాలు ఈమధ్య బాగుండటం లేదని ఆయన మొహం మీదే అంటారు. ఈ తిరకాసు అర్థం కావాలంటే ముందు ఆ మొహం గురించి చెప్పాలి.

దేవుడు ఒకే అచ్చులో రెండు మొహాలు పోసినట్టున్నాడు. ఒకటి పేరు మోసిన హాస్యనటుడికి ఇచ్చాడు. రెండోది పారేయడం ఇష్టంలేక మా బావకి తగిలించాడు. అవే గుండ్రటి బుగ్గలు, అవే జారుడు కనుబొమలు, పై పెదవి మీద చీమలబారులాంటి అదే మీసం. ఆ నటుణ్ణి జనం ముద్దుగా బిక్కమొహం అంటారు. ఏ సినిమాలోనైనా ఆయన ఏదో ఒకటి పగలగొట్టేవాడు, లేదా ఎవరి కాలో తొక్కేవాడు. ఎవరో ఒకరు తిట్టేవారు. అప్పుడు నోరు కాస్త తెరిచి, కనుబొమలు పైకెత్తి, ‘ఇప్పుడు నేనేం చేశాను’ అన్నట్టు ఒక చూపు చూసేవాడు. అంతే, హాలంతా పొట్ట పట్టుకునేది. ఆ పోలిక పుణ్యమా అని డిపోలో మా బావకి జూనియర్ అన్న పేరు ఖాయమైంది.

“పెళ్లికి ముందు ఆ మొహం చూసి ఒక్కసారి నవ్వాను. ఆ నవ్వే నా కొంప ముంచింది” అంటుంది మా అక్క. అంటూనే ఆయన కంచంలో ఇంకో గరిటె వడ్డిస్తుంది.

ఆ మొహాన్ని మా బావ ఊరికే ఉంచుకోలేదు. ఉద్యోగానికి వాడుకున్నాడు. పొద్దున పూట ఫుట్‌బోర్డు మీద జనం వేలాడుతుంటే తక్కిన కండక్టర్లు “లోపలికి జరగండి” అని గొంతు చించుకుంటారు. మా బావ అరవడు. జనంలోకి దూరి, ఇద్దరు లావుపాటి మనుషుల మధ్య ఇరుక్కుని, ఊపిరాడనట్టు ఆ బిక్కమొహం పెడతాడు. ముందు ఆ ఇద్దరూ నవ్వుతారు, తర్వాత చుట్టుపక్కలవాళ్లు. నవ్వుతూ నవ్వుతూనే అందరూ లోపలికి జరుగుతారు. ఆ బస్సులో చిల్లర దగ్గర గొడవలు కూడా నవ్వుతోనే తేలిపోయేవి. నేను ఎక్కితే మాత్రం ఇంకో రకం వినోదం. “మా బావమరిది గారికి దారి ఇవ్వండి. చెప్పుల షాపులో అందరి కాళ్లూ పట్టుకునే పెద్ద ఉద్యోగం” అని బస్సంతటికీ వినిపించేవాడు. నేను వెనక సీట్లో మూలకి చేరి, ఆయనెవరో నాకు తెలియనట్టు కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఇక్కడిదాకా బాగానే ఉంది. చిక్కంతా ఆ నటుడి సినిమాలు పల్చబడ్డప్పుడు మొదలైంది.

ఆయన హాస్యనటుడి నుంచి హీరో అయ్యాడు. కోటు తొడిగాడు, నల్ల కళ్లద్దాలు పెట్టాడు. ఒకప్పుడు అందరిచేతా తన్నులు తిన్నవాడు ఇప్పుడు అందర్నీ తన్నడం మొదలెట్టాడు. ఒకడి నత్తిని, ఒకావిడ ఒళ్లుని, ఇంకొకడి బట్టతలని వెక్కిరిస్తాడు. వెనక నలుగురు అనుచరులు తెర మీదే విరగబడి నవ్వుతారు, హాల్లో నవ్వేవాళ్లు లేని లోటు తీర్చడానికన్నట్టు.

ఈ పాపం మా బావ మెడకి చుట్టుకుంది. రోజూ మా బస్సెక్కే లెక్కల మాస్టారు ఒకరున్నారు. ఎక్కగానే మొదలెట్టేవారు.

“ఏమోయ్, నిన్న మీ సినిమాకి వెళ్లాం. మా పిల్లలు నిద్రపోయారు.”

“సెకండాఫ్‌లో కొంచెం తేడా వచ్చిందండీ, కాదనను. పాటలు బాగున్నాయి కదా?”

“పాటలప్పుడే నిద్రపోయింది.”

మీరు గమనించారో లేదో, ‘తేడా వచ్చింది’ అన్నాడు తప్ప, ‘ఆ సినిమాకీ నాకూ ఏం సంబంధమండీ’ అనలేదు. అదే ఆయన జబ్బు. కొన్నాళ్లకి అది ఇంకా ముదిరి ‘మేం’ దాకా వచ్చింది. కథ వినేటప్పుడు మాకు బాగానే అనిపించిందండీ. డైరెక్టరు చెప్పినట్టు చేశాం. వచ్చే సినిమాకి జాగ్రత్త పడతాం. ఇలా సాగేవి ఆయన సంజాయిషీలు. సినిమా పోయిన రోజు ఇంట్లో సగం అన్నం తిని లేచేవాడు.

“ఆయన సినిమా పోతే మీరు అన్నం మానడం ఏమిటి? ఆయన శుభ్రంగా తింటున్నాడు, బుగ్గలు చూడండి” అనేది అక్క.

డిపో క్యాంటీన్లో అయితే రోజూ ఇదే వాదన. గోడకి చమురు మరకలు, బల్ల మీద టీ గ్లాసుల గుండ్రటి ముద్రలు, వాటి మధ్య మా బావ ఒంటరి పోరాటం. ఎదుటిపక్షం ఎవరో కాదు, ఏళ్ల తరబడి ఆయనతో ఒకే బస్సు నడుపుతున్న డ్రైవరు పెద్దాయన. మాట కరుకు, మనసు మంచిది.

“మీవాడి పని అయిపోయిందిరా జూనియర్. నవ్వు రావట్లేదు.”

“కాలం మారింది అన్నా. జనం స్పీడు కోరుకుంటున్నారు. పాతకాలంలా జారి పడితే ఇప్పుడెవరు నవ్వుతారు?”

“నేను నవ్వుతా.”

“నువ్వు బ్రేకు పట్టకపోయినా నవ్వుతావు. నీ సంగతి వేరు. అసలు మా సినిమాల్లో ఏం తగ్గిందో చెప్పు, ఒప్పుకుంటా.”

పెద్దాయన టీ ఊదుకుంటూ ఆలోచించేవాడు. ఏదో తగ్గిందని తెలుసు, అదేమిటో నోటికి అందేది కాదు. ఆ సందు చూసుకుని మా బావ గెలిచేవాడు.

గెలిచి ఊరుకుంటే పోయేది. కొత్త పద్ధతే మేలని నిరూపించాలన్న పట్టుదల పుట్టింది ఆయనకి.

మా బస్సులో రోజూ ముందు సీట్లో కూర్చునే ఒకావిడ ఉంది. ఆసుపత్రి సిబ్బందికి యూనిఫాంలు కుట్టే టైలరు. భారీ మనిషి. కుట్టిన బట్టలు దుప్పట్లో మూటగట్టి తెస్తుంది. ఆవిడ నవ్విందంటే పక్కన కిటికీ అద్దం టకటకలాడేది. మా బావకి ఆవిడని మించిన ప్రేక్షకులు లేరు. ఏ వేషం వేసినా ఆవిడ వైపు ఓ కన్నేసి వేసేవాడు.

ఆ రోజు ఆవిడ మూటతో మెట్టెక్కుతుంటే, కొత్త సినిమాలో హీరోగారిలా తల పక్కకి వాల్చి అన్నాడు.

“అమ్మా, లగేజీ టిక్కెట్టు దేనికి కొట్టమంటారు? మీ రెండింటిలో మూట ఏదో తెలియక అడుగుతున్నా.”

బస్సు గొల్లుమంది. నవ్వనివాళ్లు ఇద్దరే. ఒకరు అద్దంలోంచి చూస్తున్న పెద్దాయన. రెండోవారు ఆవిడ.

ఆవిడ చిల్లర మా బావ చేతిలో పెట్టింది. సీట్లో కూర్చోలేదు, రాడ్డు పట్టుకుని నిలబడింది. తర్వాతి స్టాపు రాగానే దిగిపోయింది.

“ఆవిడ దిగే చోటు ఇది కాదే” అన్నాడు పెద్దాయన, వెనక్కి తిరక్కుండా.

మా బావ విజిల్ నోట్లోనే పెట్టుకుని ఊదడం మరిచిపోయాడు. వెనక అద్దంలోంచి కనబడుతూనే ఉంది. ఆవిడ మూట నడుము మీదకి ఎత్తుకుని ఆసుపత్రి వైపు నడుస్తోంది.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో, సంగతి తెలియని మెకానిక్ ఒకడు “పొద్దున అదరగొట్టావట జూనియర్” అని భుజం తట్టాడు. మా బావ నవ్వబోయి ఆగిపోయాడు. పెద్దాయన గ్లాసు బల్ల మీద పెట్టాడు.

“ఏం తగ్గిందని అడిగేవాడివి కదరా. ఇవాళ దొరికింది. ఒకప్పుడు మీవాడు పడేవాడు, మనం నవ్వేవాళ్లం. ఇప్పుడు ఎవరినో పడేసి వాడు నవ్వుతున్నాడు. నీ మొహం చూసి జనం మన బస్సెక్కేవారు. ఇవాళ నీ నోరు చూసి ఒకరు దిగిపోయారు.”

అన్ని వాదనలూ గెలిచిన మనిషి ఈసారి టీ సగంలోనే వదిలేసి లేచాడు.

సాయంత్రం కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే అక్క అడిగింది.

“ఏమిటి, ఈసారి ఏ సినిమా పోయింది?”

“నాదే పోయింది” అన్నాడు.

విషయం విన్నాక అక్క తిట్టలేదు. అక్క తిట్టకపోతేనే మా బావకి భయం. “రేపు ఆవిడ కనబడితే పక్కకి పిలిచి తప్పయిందని చెప్పండి” అంది.

“బస్సంతా వినేలా అన్నాను. పక్కకి పిలిచి చెబితే సరిపోతుందా?”

మర్నాడు ఆవిడ బస్సెక్కలేదు. ఆ మర్నాడూ ఎక్కలేదు. కానీ రోజూ దారిలో కనబడేది, మూట ఈ నడుము మీంచి ఆ నడుము మీదకి మార్చుకుంటూ. మా బావ విజిల్ వేసేవాడు, పెద్దాయన బస్సు నెమ్మది చేసేవాడు, ఆవిడ చూపు తిప్పేది కాదు. ఒకరోజు ఫుట్‌బోర్డు మీంచి వంగి “ఎక్కండమ్మా” అన్నాడు. “వద్దులే బాబూ, నడిస్తే ఒళ్లు తగ్గుతుంది” అంది. ఆ మాటతో మా బావ బిక్కమొహం పెట్టడం మానేశాడు. “లోపలికి జరగండి” అని అందరిలాగే అరవడం మొదలెట్టాడు. జనం జరగడం మానేశారు. సిగ్గు విడిచి చెప్పాలంటే, నన్ను చెప్పుల షాపు అని పిలవడం కూడా మానేశాడు. దానికి నాకు సంతోషం కలగాలి. కలగలేదు.

అలా కొన్నాళ్లు గడిచాక ఒక ఉదయం వంతెన ఎక్కే చోట ఆవిడ మూట కిందపెట్టి ఆయాసం తీర్చుకుంటోంది. విజిల్ వినబడకుండానే పెద్దాయన బస్సు ఆపేశాడు. అక్కడ స్టాపు లేదు. మా బావ అద్దంలో పెద్దాయన కళ్లలోకి చూశాడు. దిగాడు. బస్సంతా కిటికీలకి అతుక్కుంది. నేనూ అతుక్కున్నాను.

“అమ్మా, ఆ రోజు నేనన్నది తప్పు. బస్సులో అన్నాను కాబట్టి బస్సు వినేలాగే చెబుతున్నా. ఎక్కండి, మూట నేను అందుకుంటా.”

“బస్సు వదిలేసి ఇదేం పని బాబూ. వెళ్లండి.”

ఆయన వినలేదు. వంగి మూట ముడి రెండు చేతులా పట్టుకుని లేపాడు. అది లేవలేదు. మళ్లీ లేపాడు. ఈసారి మోకాళ్లదాకా వచ్చింది, పొట్టదాకా వచ్చింది, అక్కణ్ణుంచి ఎటు వెళ్లాలో తేల్చుకోలేక ఊగింది. ఈలోగా భుజాన ఉన్న టిక్కెట్ల సంచి పట్టీ ముడిలో ఇరుక్కుంది. మూట అటు వెళ్తే సంచి ఇటు లాగింది. మా బావ రెండడుగులు వెనక్కి వేసి, మూడోది వేసే అవకాశం లేక, రోడ్డు మీద చతికిలబడ్డాడు. మూట వచ్చి ఒళ్లో కూర్చుంది. గడ్డం దాకా మూటే. దాని పైన మొహం ఒక్కటే కనబడుతోంది.

అప్పుడు వచ్చింది ఆ మొహం. నోరు కాస్త తెరుచుకుని, కనుబొమలు పైకి లేచి, ‘ఇప్పుడు నేనేం చేశాను’ అన్నట్టు. ఇన్నేళ్లుగా చూస్తున్నాను కదా, నాకు తెలుసు. అది పెట్టిన మొహం కాదు, వచ్చిన మొహం.

బస్సు నవ్వుతో బద్దలైంది. లెక్కల మాస్టారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. ఆవిడ మాత్రం పెదాలు బిగించుకునే నిలబడింది. ముందు భుజాలు కదిలాయి. తర్వాత చేయి నోటికి అడ్డం వెళ్లింది. ఆ తర్వాత ఇంక ఏ అడ్డానికీ నవ్వు ఆగలేదు. వంతెన మీద వెళ్తున్న సైకిలువాళ్లు ఆగి చూశారంటే ఆ నవ్వు ఎంత దూరం పోయిందో మీరే ఊహించుకోండి.

“లేవండి, బట్టలు నలుగుతాయి” అంటూ ఆవిడ ఒక్క చేత్తో మూట తీసింది. రెండో చేత్తో మా బావని లేపింది. ముందు మూటని, వెనక కండక్టర్ని బస్సెక్కించి, తన పాత సీట్లో కూర్చుని అడిగింది.

“ఇప్పుడు చెప్పండి, లగేజీ టిక్కెట్టు దేనికి?”

“నాకేనమ్మా” అన్నాడు మా బావ నడుము పట్టుకుని. “మీరు ఎత్తి ఎక్కించింది నన్నే కదా.”

కిటికీ అద్దం టకటకలాడింది.

అదంతా తను కావాలనే చేసిన నటన అని మా బావ నేటికీ వాదిస్తాడు. ఆ వారమంతా ఆయన నడుముకి మందు రాసిన మా అక్క, “ఇంత చిన్న వేషానికే ఇంత మందైతే, ఆ సినిమా ఆయన ఇల్లాలు ఎంత రాసిందో పాపం” అంటుంది. అలా అనేటప్పుడు ఆవిడ గొంతులో ఎగతాళి ఉండదు. కొంగుతో నవ్వు దాచుకుంటుంది గానీ, గర్వం దాచుకోవడం ఆవిడకి చేతకాదు.

మొన్న నటుడిగారి కొత్త సినిమా వచ్చింది. మాస్టారు ఎక్కగానే మొదలెట్టారు.

“ఏమోయ్, మీ సినిమా వచ్చిందట. వెళ్లమంటావా?”

బస్సు చెవులు రిక్కించింది. అద్దంలో పెద్దాయన కళ్లు కనబడ్డాయి. ముందు సీట్లో ఆవిడ వెనక్కి తిరిగింది. మా బావ టిక్కెట్టు చింపి మాస్టారి చేతిలో పెట్టాడు.

“వద్దండీ. ఈసారీ మేం బాగా చేయలేదు. ఆయన మళ్లీ కింద పడ్డ రోజు నేనే కబురు చెప్తా.”

పెద్దాయన హారన్ ఒకసారి చిన్నగా కొట్టాడు. రోడ్డు మీద అడ్డమెవరూ లేరు.

తలుపు దగ్గర నిలబడ్డ నా పక్కన ఎవరో కొత్త మనిషి. ఆయన ఇందాకటినుంచి మా బావనే చూస్తున్నాడు. ఉండబట్టలేక నన్ను పొడిచి అడిగాడు.

“ఎవరండీ ఈయన? అచ్చం ఆ బిక్కమొహంలా ఉన్నాడు.”

“కాదండీ” అన్నాను, బస్సులో నలుగురికీ వినబడేలా. “ఆ బిక్కమొహమే మా బావలా ఉంటాడు.”

“చెప్పుల షాపు, కబుర్లు తర్వాత. లోపలికి జరగాలి” అని ముందునుంచి కేకేశాడు మా బావ.

జరిగాను.