పిట్టలక్క కాపలా

పొద్దున్నే మొహం కడుక్కోగానే ఆమె గోరువెచ్చటి ఉప్పునీళ్లతో గొంతు పుక్కిలిస్తుంది. తర్వాత గుమ్మం బయట నిలబడి ఎవరినో పిలుస్తున్నట్టు ఒక్క కేక వేస్తుంది. "హోయ్." గొంతు పలికితే సరే, లేకపోతే మళ్లీ పుక్కిలింత. ఆ వీధిలో చాలామంది అలారం పెట్టుకోవడం ఎప్పుడో మానేశారు.

"సంగీతం మేష్టార్లు కూడా గొంతుని ఇంత గారాబం చెయ్యరే," అంటాడు ముందుగదిలో కుట్టుమిషను దగ్గర కూర్చున్న భర్త.

అత్తగారికి చెవుడు. ఇంట్లో ఆవిడకు వినపడేది కోడలి మాట ఒక్కటే. కోడలితో పేచీ పెట్టుకుంటే లోకంతో తెగతెంపులేనని ఆవిడకు తెలుసు కాబట్టి, ఆ అత్తాకోడళ్లు పాలూ నీళ్లలా కలిసిపోయారు.

ఆమె ఉద్యోగం ఊరి చివర వ్యవసాయ, మత్స్య పరిశోధన సంస్థలో. పని పిట్టల్ని తోలడం. గింజ పాలు పోసుకున్నది మొదలు కోత అయ్యేదాకా మళ్ల గట్ల మీద తిరుగుతూ ఉండాలి. మామూలు చేలో పిట్ట గుప్పెడు గింజలు తింటే, పోతే పోయిందిలే అనుకుంటాడు రైతు. పరిశోధన మడి అలా కాదు. ఒక్కో చిన్న మడిలో ఒక్కో రకం వేస్తారు. పిట్ట తిన్న మడి లెక్కకు రాదు. విత్తనం వేసిన దగ్గర్నుంచి పడ్డ పాటంతా బూడిదలో పోసిన పన్నీరే.

అందుకని డబ్బాలూ వడిసెలలూ తెచ్చారు, గాలికి తళతళలాడే రిబ్బన్లు కట్టారు. పిట్టలు మహా తెలివైనవి. కొన్నాళ్లకల్లా రిబ్బన్ల మీదే కూర్చుని ఊగడం మొదలుపెట్టాయి. ఆమె గొంతుకు మాత్రం అలవాటు పడలేకపోయాయి. అసలు పేరు జీతం కాగితాల్లో ఎక్కడో ఉంది. అందరికీ ఆమె పిట్టలక్కే. డైరెక్టరుగారు సైతం "పిట్టలక్క వచ్చిందా?" అనే అడుగుతారు.

ఒక ఏడాది జొన్నల మీద పరిశోధన చేసే మేడమ్ ఆమెను మూల మళ్ల దగ్గరికి పిలిచింది. ఆ కాలంలో గింజ పట్టినవి అవే.

"అక్కా, ఈసారి పిట్టల్ని తోలకండి. పశువులు పడకుండా చూస్తే చాలు. పిట్టల్ని రానివ్వండి."

"నన్ను ఊరికే కూర్చోబెట్టి జీతమిస్తారా మేడమ్? ముందే చెప్తే దిండు తెచ్చుకునేదాన్ని."

మేడమ్ నవ్వి విషయం చెప్పింది. పక్కపక్క మళ్లలో ఒకటి పాత జొన్న, ఒకటి కొత్తది. కొత్త గింజ లేతగా ఉన్నప్పుడు వగరుగా ఉంటుంది, ముదిరాక ఆ వగరు పోతుంది. పిట్ట ఒకసారి నోట పెట్టుకుంటే ఇక ఆ వంక చూడదని మేడమ్ నమ్మకం. అది రుజువు కావాలంటే పిట్టలు వచ్చి పాతదాన్ని తిని, కొత్తదాన్ని వదిలెయ్యాలి.

"అయితే ఈ విత్తనం వేస్తే కాపలా అక్కర్లేదా?"

"అస్సలక్కర్లేదు," అంది మేడమ్ సంబరంగా. ఎదురుగా ఉన్నదెవరో అప్పుడు గుర్తొచ్చి, కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టింది.

పిట్టలక్కది సీజను ఉద్యోగం. ప్రతి పంటకీ మళ్లీ పిలిస్తేనే ఉన్నట్టు. ఇకమీదట సంస్థలో ఇలాంటి జొన్నే వేస్తారట అని మేస్త్రి అప్పటికే అందరి చెవిలో ఊదాడు. ఆమె వెళ్లి గట్టు మీద కూర్చుంది.

ఆమె కేక వెయ్యలేదు, డబ్బా కొట్టలేదు. అయినా పిట్టలు రాలేదు. పిచ్చుకలు గుంపుగా వచ్చి కరెంటు తీగ మీద వాలేవి. కిందకి చూసేవి. గట్టు మీద ఆమె కనపడగానే గుంపంతా లేచిపోయేది. ఒక చిలక కంకి దాకా వచ్చి, గాలిలోనే వెనక్కి తిరిగింది. ఇన్నేళ్లుగా తల్లి పిట్టలు పిల్ల పిట్టలకు ఏం చెప్పి పెంచాయో మరి.

సంగతి పిట్టలక్కకు మొదటి పూటే అర్థమైంది. చెప్పలేదు. రెండు మళ్లలోనూ కంకులు ఒక్కలాగే నిండుగా ఊగుతుంటే, జొన్నల మేడమ్ జీపులో కూర్చుని దుర్భిణి పెట్టుకుని చూసి చూసి, ఈ ఏడు పిట్టలు మేతకు ఇంకెటైనా పోతున్నాయేమోనని ఎవరికో ఫోన్లు చేసింది.

భోజనాల దగ్గర భర్తకు చెప్పింది.

"నువ్వు తోలావా?" అన్నాడు.

"లేదు."

"అబద్ధమాడావా?"

"లేదు."

"మరింకేం? కూర్చోమన్నారు, కూర్చున్నావు. పిట్టలకి నువ్వంటే గౌరవం. మధ్యలో నీ తప్పేంటి?"

"ఏం అంటున్నాడు?" అంది అత్తగారు.

"నా తప్పేం లేదంటున్నాడు అత్తయ్యా."

"అమ్మో, వాడు అలా అన్నాడంటే ఏదో ఉందన్నమాటే," అని ఆవిడ పెరుగు కలుపుకుంది.

మర్నాడు వెళ్లేసరికి మేడమ్ పాత జొన్న మడి చుట్టూ నూకలు చల్లుతోంది. చల్లుతూ సన్నటి గొంతుతో, పసిపిల్లల్ని పిలిచినట్టు, "రండమ్మా, రండి," అని తీగ మీది పిచ్చుకల్ని పిలుస్తోంది. పిట్టలక్క నవ్వు ఆపుకోలేక గట్టు మీద చతికిలబడింది. నవ్వుతూనే మేడమ్ మొహం చూసింది. నిద్రలేని మొహం. ఈ గింజ ముదిరిందంటే ఈ పంటకాలం వృథా, ఆ తర్వాత పరిశోధనకు డబ్బిస్తారో ఇవ్వరో. నవ్వు దానంతటదే ఆగిపోయింది. తను ఇన్నాళ్లూ గొంతు చించుకున్నది ఈ మళ్లు నిజం చెప్పాలనే. ఇప్పుడు తన కడుపు కోసం వాటి నోరు నొక్కడమా?

"అవి ఎటూ పోలేదు మేడమ్. నన్ను చూసి రావట్లేదు."

మేడమ్ చేతిలో నూకలు అలాగే ఉండిపోయాయి. "నాకూ అనుమానమే అక్కా. కానీ మిమ్మల్ని పొమ్మంటే పొట్ట మీద కొట్టినట్టుంటుందని..."

"కొట్టొద్దు. ఇంకోచోట పెట్టండి. చేపల సార్ కొంగలు పిల్లచేపల్ని బతకనివ్వట్లేదని గోల పెడుతున్నాడుగా, ఆయన్ని అడగండి. ఒక్క మాట. ఒక్క సీజనుకే అంటే నేను వెళ్లను. చేపలకి సీజనేంటి?"

"మీరు ఇదంతా ముందే ఆలోచించుకున్నారా?"

"రాత్రంతా ఇదేగా పని."

మేడమ్ ఆ పూటే డైరెక్టరు గది ముందు కూర్చుని, సంతకం పెట్టించుకునేదాకా లేవలేదు. పిట్టలక్క అటు చెరువులకు వెళ్లింది, ఇటు పిట్టలు మళ్లలోకి దిగాయి. ఎన్నేళ్ల ఆకలో, పాత జొన్నను ఊచల్లా మిగిల్చాయి. కొత్తదాని మీద వాలినవి ముక్కు రెమ్మకు తుడుచుకుని లేచిపోయాయి. చిలకలు మాత్రం తినకుండా ఊరికే కంకులు కొరికి కింద పారేశాయి.

"వాటికి ఇంకా చదువు రాలేదు మేడమ్," అన్నాడు మేస్త్రి.

"వాటి కోసం ఇంకో మూడేళ్లు," అంది మేడమ్. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో అలసట లేదు.

చెరువు దగ్గర కథ వేరు. మొదటిరోజు పిట్టలక్క గుండెల నిండా గాలి పీల్చి కేక వేసింది. కొంగ నింపాదిగా తల తిప్పి ఆమెను ఎగాదిగా చూసి, నోట్లో ఉన్న చేపను మింగింది. చేపలు మాత్రం బెదిరి అడుక్కి పోయి, ఆ పూట మేతకు పైకి రాలేదు. చేపల సార్ పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, నీకు దణ్ణం పెడతా, అరవకు. కొంగలు తిన్నా కొన్ని మిగులుతాయి. నువ్వు అరిస్తే అన్నీ పస్తులే."

"మరి నోరు మూసుకుని కాపలా ఎలా కాయాలి సార్?"

"అది నాకూ తెలీదు. ఇద్దరం కలిసి కనుక్కుందాం."

కనుక్కోవడానికి చాలాకాలమే పట్టింది. చెరువుల మీద అడ్డంగా దారాలు కట్టారు. నీటికాకులు వచ్చే వేళకు ఆమె గట్టు మీద పొడుగాటి కర్ర ఊపుతూ నడవడం నేర్చుకుంది. కొంగలు ఆమెను ఇప్పటికీ పెద్దగా లెక్కచెయ్యవు గానీ, దారాలను లెక్కచేస్తాయి. చేపలు ఆమె అడుగుల చప్పుడుకు మేత వేళ అయిందనుకుని పైకొస్తాయి.

పిట్టలక్క ఇప్పుడు చెరువుల దగ్గరే పనిచేస్తోంది. ఏడాది పొడవునా జీతం, ఆదివారం సెలవు.